ఓపిక పట్టమన్నవాడి పరువు

(అమరజీవి పొట్టి శ్రీరాములు వర్ధంతి నాడు నెల్లూరులో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



శ్రీరాములు గారి గురించి నెల్లూరు వాళ్ళకు కొత్తగా చెప్పేదేముంటుంది? 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో దీక్షకు కూర్చున్నారు, డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు, 58 రోజులు. ఇంతవరకు మన బడిపిల్లలు కూడా తడుముకోకుండా చెబుతారు. అందుకని ఈ సాయంత్రం ఆయన చేసినదాని గురించి కాకుండా, ఆ 58 రోజులూ ఢిల్లీ చేయనిదాని గురించి మాట్లాడతాను. ఏమీ చేయకుండా ఉండటం కూడా ప్రభుత్వం చేసే పనే. దాని ఫలితాలు దానికీ ఉంటాయి, కాకపోతే కొంచెం ఆలస్యంగా వస్తాయి.

దీక్ష నెలన్నర దాటింది. డిసెంబరు 3న ప్రధాని నెహ్రూ మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీకి ఉత్తరం రాశారు. ఆంధ్ర రాష్ట్రం కోసం ఏదో దీక్ష జరుగుతోందట, తంతి వార్తలు వచ్చిపడుతున్నాయి, నేను మాత్రం చలించేది లేదు, దీన్ని పూర్తిగా పట్టించుకోకుండా వదిలేయదలుచుకున్నాను అన్నది అందులోని భావం. తొమ్మిది రోజులు గడిచాయి. డిసెంబరు 12న అదే నెహ్రూ అదే రాజాజీకి మళ్ళీ రాశారు. ఆంధ్రుల కోరిక ఒప్పుకోవాల్సిన వేళ వచ్చింది, లేకపోతే వాళ్ళ నిస్పృహ మన చేతికి అందనంత దూరం పోతుంది అని. మూడు రోజుల తర్వాత శ్రీరాములు గారు పోయారు. ఇంకో నాలుగు రోజులకు, 19న, పార్లమెంటులో ప్రకటన వచ్చింది.

ఆ నడిమి రోజుల్లో ఏం జరిగిందో మీ తాతలు మీకు చెప్పే ఉంటారు. రైళ్ళు ఆగాయి, స్టేషన్లు తగలబడ్డాయి, తీగలు తెగాయి. నెల్లూరులోనూ, ఉత్తరాన విశాఖ, శ్రీకాకుళం వైపూ పోలీసులు కాల్పులు జరిపారు. దీక్షతో ఏ సంబంధమూ లేని మామూలు జనం చచ్చిపోయారు.

ఇందులో నన్ను ఎప్పుడూ వేధించే సంగతి వేరే ఉంది. 19న నెహ్రూ ఇచ్చిన జవాబు ఏమిటి? మద్రాసు నగరం మినహా తెలుగు జిల్లాలతో ఆంధ్ర రాష్ట్రం. ఆయనా, వల్లభభాయ్ పటేలూ, పట్టాభి సీతారామయ్యా కలిసి 1949లో ఇచ్చిన జె.వి.పి. నివేదికలో ఏముంది? మద్రాసు మీద పట్టు వదులుకుంటే ఆంధ్ర ఇవ్వొచ్చునని. అంటే జవాబు మూడున్నరేళ్ళుగా సొరుగులోనే ఉంది. మనుషులు పోకముందు ఎంత ఉందో పోయాక కూడా అంతే ఉంది, ఒక్క అక్షరం పెరగలేదు. అది వినపడటానికి మాత్రం ఒక దీక్షాశిబిరంలో శవం లేవాల్సి వచ్చింది, రైల్వే ప్లాట్‌ఫారాల మీద నెత్తురు పడాల్సి వచ్చింది.

ఆ వారం నెల్లూరు స్టేషన్ చూసిన పదహారేళ్ళ కుర్రాడు ఏం నేర్చుకుని ఉంటాడు? శ్రీరాములు గారి నుంచి అహింస నేర్చుకున్నాడని మనం వేదికల మీద అంటాం. నాకు అనుమానమే. 58 రోజుల ఉపవాసానికి కదలని ప్రభుత్వం మూడు రోజుల మంటకు కదిలిందని వాడు కళ్ళారా చూశాడు. వాడికి పాఠం చెప్పింది శ్రీరాములు గారు కాదు, సర్కారు.

అంతకు ముందు ఏడాది సంగతి కూడా ఈ లెక్కలోకి రావాలి. 1951 ఆగస్టు 15న స్వామి సీతారాం, అంటే గొల్లపూడి సీతారామశాస్త్రి గారు, ఇదే కోరికతో దీక్షకు కూర్చున్నారు. నెల రోజులు దాటింది. వినోబా భావే నచ్చజెప్పారు, మాటలు ఇచ్చారు, సీతారాం గారు దీక్ష విరమించారు. ఆ మాటలు ఏమయ్యాయో చరిత్ర పుస్తకాల్లో వెతికినా దొరకదు. కాబట్టి 1952లో శ్రీరాములు గారి మంచం పక్కకు ఎవరైనా వెళ్ళి “అయ్యా, విరమించండి, పెద్దలు చూసుకుంటారు” అనాలంటే ఏ మొహం పెట్టుకుని అంటారు? మధ్యవర్తి అన్నవాడి నోరు కట్టేసింది ముందటేడు నెరవేరని మాట.

నేను ఈ రోజు చెప్పదలుచుకున్నది ఈ మధ్యవర్తి గురించే. శాంతియుత నిరసనను పెడచెవిన పెడితే జనానికి కోపం వచ్చి తుపాకీ పడతారని అందరూ అంటారు. అంత సూటిగా ఏమీ జరగదు. మన జనానికి ఉన్న ఓపిక సామాన్యమైనది కాదు, తరాల తరబడి ఓర్చుకోగలరు. ముందుగా పాడైపోయేది జనం ఓపిక కాదు, వాళ్ళకు ఓపిక పట్టమని చెప్పేవాడి పరువు.

రెవెన్యూ ఉద్యోగంలో జుట్టు నెరిసినవాణ్ణి కనుక అర్జీ చచ్చిపోయే దారి నాకు బాగా తెలుసు. తపాలులో ముద్ర పడుతుంది. నంబరు వేసి సెక్షన్‌కు పంపుతారు. ‘తగు చర్య నిమిత్తం’ అని కింది ఆఫీసుకు రాస్తారు. అక్కణ్ణుంచి ఇంకా కిందికి. దిగీ దిగీ చివరికి ఆ కాగితం ఎవరి మీద ఫిర్యాదో ఆ మనిషి బల్ల మీదికే విచారణ కోసం చేరుతుంది. నేను చేసిన ఒక ఆఫీసులో ఇది ఎంత మామూలు సంగతంటే, దాని మీద ఎవరూ నవ్వను కూడా నవ్వేవారు కాదు. అతను ‘విచారించితిని, ఆరోపణలు నిరాధారము’ అని రాస్తాడు. కాగితం మళ్ళీ మెట్లన్నీ ఎక్కి పైకి వస్తుంది. ‘ఎల్.డిస్.’ అని గుర్తు వేసి లాడ్జ్ చేస్తారు, అంటే కొంతకాలం ఉంచి చింపేసే కట్టలో పడేస్తారు. అర్జీదారుకు ఒక ఎండార్స్‌మెంటు పోతుంది, మీ అర్జీ పరిశీలించడమైనది అని. ఆఫీసు దృష్టిలో ఆ పని అయిపోయింది.

ఊళ్ళో మాత్రం అయిపోలేదు. ఆ అర్జీ రాసిపెట్టినవాడు ఒకడున్నాడక్కడ. బడిపంతులో, పోస్టుమాస్టరో, సంఘం కార్యదర్శో, మత్స్యకారుల పట్టపుపాలెంలో అయితే కాపు పెద్దో. వేలిముద్రలు వేయించింది వాడే. “తొందరపడొద్దు, కలెక్టరు గారి చేతికే ఇచ్చాం, నెలాగి చూద్దాం” అని కుర్రవాళ్ళను ఆపుతున్నది వాడే. వాడి మాట అప్పు మీద నడిచే అంగడి. సర్కారు నుంచి సరుకు వస్తుందన్న నమ్మకంతో అరువు ఇస్తూ పోతాడు. రెండోసారి, మూడోసారి కూడా ఎండార్స్‌మెంటే వస్తే, నాలుగోసారి వాడి అరుగు మీదికి ఎవరూ రారు. అప్పుడు ఊళ్ళోకి ఇంకొకడు వస్తాడు. వాడి చేతిలో కాగితం ఉండదు.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. శ్రీకాకుళం కొండల్లో జరిగింది ఇదే.

అక్కడి జాతాపులు, సవరలు భూములు పోగొట్టుకున్నది షావుకార్ల అప్పుల కింద. ఉప్పుకీ పొగాకుకీ అప్పు, దానికి వడ్డీ, వడ్డీ కింద పంట, పంట చాలకపోతే పొలం. చట్టం లేక ఇలా జరిగిందనుకుంటే పొరపాటు. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకూడదని తెల్లవాళ్ళే 1917లో చట్టం రాశారు. మనవాళ్ళు 1959లో ఇంకో రెగ్యులేషన్ తెచ్చారు. కాగితం మీద భూమి గిరిజనుడిది, కళ్ళంలో ధాన్యం షావుకారుది. అడిగేవాడు లేడు.

ఆ కొండల్లోకి వెంపటాపు సత్యనారాయణ అనే బడిపంతులు వెళ్ళాడు. గిరిజనులు ఆయన్ని గప్పా గురువు అనేవారు. ఆయనా, మరో పంతులు ఆదిభట్ల కైలాసమూ గిరిజన సంఘాన్ని ఊరూరా పెంచారు. ఆ సంఘం కోర్కెలు ఇవాళ చదివితే ఇందులో విప్లవం ఎక్కడుందని ఆశ్చర్యం వేస్తుంది. వెట్టి పోవాలి, పాలేర్ల జీతం పెరగాలి, పోడు చేసుకున్న నేల మీద హక్కు కావాలి, షావుకారు తీసుకున్న భూమి తిరిగి ఇవ్వాలి. సగం కోర్కెలు అప్పటికే అమల్లో ఉండాల్సిన చట్టాలు. పదేళ్ళ దాకా మీటింగులు, ఊరేగింపులు, అర్జీలు, సమ్మెలతోనే నడిచారు. కూలి రేట్లు కొన్నిచోట్ల పెరిగాయి కూడా.

1967 అక్టోబరు 31న మొండెంఖల్‌లో సంఘం మహాసభ. ఆ సభకు జనం నడిచి వెళ్తున్నారు. దారిలో లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించి తుపాకీ పేల్చారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు అక్కడే పడిపోయారు. సభకు నడిచివెళ్ళే వాళ్ళ చేతుల్లో ఏముంటాయి? జెండాలు, చద్దిమూటలు. కేసు నడిచింది. మరుసటి ఏడు, 1968లో, నిందితులను కోర్టు వదిలేసింది.

ఆ తీర్పు వచ్చిన రోజు గప్పా గురువు పరిస్థితి ఏమిటో ఆలోచించండి. కోర్టు ఉంది, సాక్ష్యం చెబుదాం, చట్టం మన వైపు ఉంది అని ఇన్నాళ్ళూ చెప్పిన నోరు అది. ఇప్పుడు గూడెంలో ఎవరికి ఏమని చెబుతాడు? ఏడాది ముందే నక్సల్బరీ తిరుగుబాటు జరిగింది. కమ్యూనిస్టు పార్టీలో చీలిక, చర్చ నడుస్తున్నాయి. 1968 నవంబరు 25న గరుడభద్రలో సాయుధ పోరాటం మొదలైంది. తర్వాతి కథ మీకు తెలుసు. ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు సుబ్బారావు పాణిగ్రాహి, పంచాది కృష్ణమూర్తి, నిర్మల. పేర్లన్నీ చెప్పాలంటే రాత్రవుతుంది. 1970 జులై 10న సత్యనారాయణ, కైలాసం ఇద్దరూ బోరి కొండల్లో పోలీసుల చేతిలో హతమయ్యారు.

ఇక్కడ ఒక తారీఖు చూడండి. సత్యనారాయణ చనిపోవడానికి అయిదు నెలల ముందు, 1970 ఫిబ్రవరిలో, ఒకటీ బై డెబ్భై అని అందరూ పిలిచే రెగ్యులేషన్ అమల్లోకి వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుడు భూమి కొనడం ఇక పూర్తిగా చెల్లదు. గిరిజన సంఘం ఏళ్ళ తరబడి అరిచి అడిగింది దాదాపు ఇదే. దాన్ని 1960లో ఇచ్చి ఉంటే ఎంత ఖర్చు? ఒక గెజెటు పేజీ. 1970లో ఇచ్చేసరికి అది ఎవరి ఖాతాలో పడింది? అర్జీలు రాసిన సంఘం ఖాతాలో పడలేదు. తుపాకీ పేలితే తప్ప సర్కారు సంతకం పెట్టదని రాష్ట్రమంతా నమ్మింది. ఆ నమ్మకమే గోదావరి దాటి ఉత్తర తెలంగాణకు, అక్కణ్ణుంచి దండకారణ్యానికి పోయింది. నన్నడిగితే శ్రీకాకుళం పోరాటాన్ని అణచడంలో ప్రభుత్వం గెలిచింది, దాని ద్వారా నేర్పిన పాఠంలో ఓడిపోయింది.

ఎదురు వాదన ఉంది, దాన్ని దాటవేయను. శ్రీకాకుళంలో తుపాకీ పట్టాలన్న నిర్ణయం గూడెంలో ఒక్కచోటే జరగలేదు. పార్టీ సిద్ధాంతం ఉంది, నక్సల్బరీ నాయకుడు చారు మజుందార్ ప్రభావం ఉంది, వర్గశత్రు నిర్మూలన అన్న పంథా ఉంది. ఆ పంథా ఎందరి తలలు నరికించిందో, దానికి బదులుగా పోలీసులు ఎన్ని గూడేలను ఖాళీ చేయించారో గుర్తుంచుకోవాలి. గిరిజనుడు రెండు వైపులా నలిగాడు. నిర్లక్ష్యం ఒక్కటే తుపాకీని పుట్టిస్తుందని నేననడం లేదు. తుపాకీ సిద్ధాంతాలు దేశంలో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, చాలా ఊళ్ళు వాటిని గుమ్మంలోంచే పంపేస్తాయి కూడా. ఏ ఊళ్ళో అర్జీ రాసినవాడి పరువు పోయిందో ఆ ఊళ్ళో వాటికి పీట వేస్తారు.

మన జిల్లా మనిషి మీదే ఇది చూడొచ్చు. విడవలూరు దగ్గరి అలగానిపాడు నుంచి వచ్చిన పుచ్చలపల్లి సుందరయ్య గారు 1930లో, పదిహేడేళ్ళ వయసులో, కాలేజీ వదిలి ఉప్పు సత్యాగ్రహంలోకి దూకి జైలుకు వెళ్ళినవాడు. గాంధీ పిలుపుతో మొదలైనవాడే పదహారేళ్ళ తర్వాత తెలంగాణ సాయుధ పోరాటాన్ని నడిపించినవాళ్ళలో ఒకడయ్యాడు. ఆ తెలంగాణలో అంతకు ముందు ఏం జరిగింది? 1930లో జోగిపేటతో మొదలై ఆంధ్ర మహాసభ పదేపదే తీర్మానాలు చేసింది. వెట్టి వద్దు, తెలుగులో చదువు కావాలి అని వినయంగా నిజాముకు విన్నవించుకుంది. సభ పెట్టుకోవడానికే అనుమతి అడుక్కోవాల్సిన కాలమది. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ గడీ ముందుగా ఊరేగింపు పోతుంటే దొడ్డి కొమరయ్యను కాల్చారు. ఆ ఊరేగింపులో ఉన్నవి కర్రలు, వడిసెలలు. తుపాకులు తర్వాత వచ్చాయి.

1951 అక్టోబరులో పోరాటం విరమించారు. 1952లో సుందరయ్య గారు రాజ్యసభకు వెళ్ళారు, సైకిల్ తొక్కుకుంటూ. మొన్నటిదాకా తలదాచుకుని తిరిగినవాడు సభలో లేచి ‘అధ్యక్షా’ అంటున్నాడు. అదే ఏడు శీతాకాలంలో అదే తీరానికి చెందిన, పురుగుకు కూడా హాని తలపెట్టని ఇంకొక మనిషి మద్రాసులో కడుపు మాడ్చుకుని చనిపోతున్నాడు. తుపాకీ దించినవాడికి కుర్చీ వేసిన సర్కారు, తుపాకీ ఎన్నడూ ఎత్తనివాణ్ణి పట్టించుకోనని ఉత్తరం రాసింది. నెహ్రూను నేను తక్కువ చేయడం లేదు. ఆయన వాదనలోనూ బలం ఉంది. ప్రతి దీక్షకూ తలొగ్గితే రాజ్యం ఎలా నడుస్తుంది, రేపు ఇంకొకరు ఇంకొకదానికి కూర్చుంటారు కదా అని. కానీ తలొగ్గడం వేరు, జవాబు చెప్పడం వేరు. “మద్రాసు ఇవ్వం, మిగిలింది ఇస్తాం, ఫలానా తేదీకి కమిటీ వేస్తాం” అని అక్టోబరులో అని ఉంటే అది లొంగిపోవడం కాదు. ఏ ప్రభుత్వమైనా చేయాల్సిన పని.

మన సముద్రానికి కింది చివర ఉన్న శ్రీలంకను చూస్తే ఈ కథ ఎంత దూరం పోగలదో తెలుస్తుంది. 1956లో సింహళం ఒక్కటే అధికార భాష అని చట్టం తెస్తున్నప్పుడు తమిళ నాయకులు కొలంబో గాల్ ఫేస్ మైదానంలో సత్యాగ్రహం చేశారు. అల్లరి మూకలు వచ్చి కొట్టాయి. వాళ్ళ నాయకుడు చెల్వనాయకం గాంధేయవాది. ఆయనతో ప్రధాని బండారనాయకె 1957లో ఒప్పందం చేసుకుని, మరుసటి ఏడే చించేశారు. 1961లో మళ్ళీ సత్యాగ్రహం, ఈసారి సైన్యం వచ్చింది. 1965లో ఇంకో ప్రధానితో ఇంకో ఒప్పందం, అదీ అటకెక్కింది. ఇరవై ఏళ్ళు ఆ పెద్దాయన జాఫ్నా కుర్రాళ్ళకు ఓపిక పట్టమని చెబుతూ వచ్చాడు. 1976లో వట్టుకోట్టై తీర్మానం చేసి ప్రత్యేక దేశం అడిగేనాటికి ఆయన మాట వినే కుర్రాళ్ళు తగ్గిపోయారు. ప్రభాకరన్ పులుల దండు పుట్టింది అదే ఏడు. మరుసటి ఏడు చెల్వనాయకం పోయారు. 1983 నుంచి 2009 దాకా ఆ ద్వీపం ఏమైందో చెప్పనక్కర్లేదు. కొలంబో పాలకులు తమతో సంతకాలు చేసిన మనిషి పరువును అతని సొంతవాళ్ళ ముందే పదేపదే తీశారు. ఆ తర్వాత మాట్లాడుకోవడానికి వాళ్ళకు మిగిలింది పులులే.

ఇక మన దగ్గరికి వస్తాను. నెల్లూరు జిల్లాలో దీనికి తిరగేసిన కథ కూడా జరిగింది. దాన్ని మనం తగినంతగా చెప్పుకోం. పొణకా కనకమ్మ గారి లాంటి వాళ్ళు తొలినాళ్ళలో విప్లవకారుల వైపు మొగ్గి, తర్వాత పల్లిపాడు ఆశ్రమం దారికి వచ్చినవాళ్ళు. గాంధీగారు ఆ ఆశ్రమం తెరవడానికి 1921లో స్వయంగా పెన్న ఒడ్డుకు వచ్చారు. పిలిచేవాడు నమ్మకస్తుడైతే మనిషి తుపాకీ ఆలోచన వదిలి చరఖా దగ్గరికి కూడా వస్తాడు. శ్రీరాములు గారి విషయమే చూడండి. మిట్టమధ్యాహ్నం ఎండలో చెప్పుల్లేకుండా, గొడుగు లేకుండా, దళితులకు గుళ్ళు తెరవాలని రాసిన అట్టలు ఒంటికి కట్టుకుని ఈ వీధుల్లోనే తిరిగేవారు. తెలియనివాళ్ళు పిచ్చివాడనుకున్నారు. 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి గుడి కోసం దీక్ష పడితే ఊరి పెద్దలు దిగివచ్చారు, తలుపులు తెరుచుకున్నాయి. ఉపవాసం పనిచేస్తుందన్న నమ్మకం ఆయనకు నెల్లూరిచ్చిందే. మద్రాసులో, ఢిల్లీలో కూడా మూలాపేట పెద్దలే ఉంటారని అనుకున్నారు కాబోలు.

తర్వాత 1992. దూబగుంట. అక్షరాస్యత తరగతుల్లో రాత్రిపూట లాంతరు ముందు కూర్చున్న ఆడవాళ్ళు సారా గురించిన పాఠం చదివారు. చదివి ఊరుకోలేదు. మగవాళ్ళ కూలి డబ్బులు ఇంటికి రాకముందే సారా పాకెట్ల కింద పోతున్నాయి. వారుణి వాహిని పేరుతో సర్కారే పల్లెపల్లెకూ సారా సరఫరా చేసిన రాష్ట్రం మనది, ఆ పేరు పెట్టినవాడికి చాలా ధైర్యం ఉండాలి. వర్ధినేని రోశమ్మ గారి ఊళ్ళో మొదలైంది జిల్లా అంతా పాకింది. చీపుర్లు, కారప్పొడి పట్టుకుని సారా జీపులను ఆపారు. వేలంపాటలు జరిగే చోటికి వందల మంది వచ్చి కూర్చున్నారు. పాట వాయిదా, మళ్ళీ వాయిదా. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు.

అదే కాలంలో ఉత్తర తెలంగాణలో నక్సలైట్ల పీపుల్స్‌వార్ కూడా సారా మాన్పించింది. అక్కడ దుకాణం మూయించింది తుపాకీ భయం. ఇక్కడ మూయించింది ఆడవాళ్ళు. ఒకే రాష్ట్రం, ఒకే సారా, ఒకే కాంట్రాక్టర్ల వ్యవస్థ. తేడా ఎక్కడ వచ్చింది? ఇక్కడ సంఘం నడిపిన ఆడవాళ్ళకు తోటివాళ్ళ ముందు చూపించడానికి ఏదో ఒకటి దొరుకుతూ వచ్చింది. ఇవాళ ఒక పాట వాయిదా పడింది, రేపు ఒక దుకాణం ఎత్తేశారు, ఎల్లుండి జిల్లా అధికారి వచ్చి నేల మీద కూర్చుని విన్నాడు. రోశమ్మ గారి మాట ప్రతి నెలా కొంచెం పెరిగిందే గాని తరగలేదు. ఆమె పక్కన ఇంకో దారి చెప్పేవాడికి చోటే లేకపోయింది.

శాంతంగా అడిగితే అన్నీ సుఖంగా తీరతాయని చెప్పడానికి ఇది చెప్పలేదు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు, ఎత్తేసేటప్పుడు దూబగుంటకు వచ్చి అడిగినవాడు లేడు. ఆ ఆడవాళ్ళు తుపాకులు పట్టలేదు. ఇంటికి వెళ్ళి ఊరుకున్నారు. పట్టించుకోకపోతే జరిగేది ఎక్కువసార్లు ఇదే. జనం ఊరుకుంటారు. ఊరుకోవడాన్ని పాలకులు ఒప్పుకోవడం కింద జమ వేసుకుంటారు. లెక్క తప్పేది అక్కడే.

శ్రీకాకుళం జిల్లాకే ఇంకోసారి వెళ్తాను. 2010. సోంపేట బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు రిలే దీక్షలు చేస్తున్నారు. జులై 14న పోలీసులు కాల్చారు, ప్రాణాలు పోయాయి. లేవిడి తర్వాత నలభై మూడేళ్ళకు, నాటి అదే జిల్లా నేల మీద. మళ్ళీ కొండలెక్కుతారా అని చాలామంది భయపడ్డారు. ఎక్కలేదు. దీక్షాశిబిరం ఏళ్ళ తరబడి అలాగే సాగింది. ఎందుకంటే, కాల్పులు జరిగిన ఆ రోజునే ఢిల్లీలో పర్యావరణ అప్పీళ్ళ సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఫైళ్ళు పట్టుకుని ఢిల్లీ చుట్టూ తిరిగిన సంఘం పెద్దలకు ఊళ్ళో వాళ్ళకు చూపించే కాగితం ఒకటి దొరికింది. పోలీసు తుపాకీ, అప్పీలు తీర్పు ఒకే రోజు వచ్చాయి. జనం తీర్పును పట్టుకున్నారు. 1968లో గప్పా గురువుకు దొరకనిది అదే.

మన తీరంలో ఇవాళ తుపాకీ భయం లేదు, అది తెచ్చిపెట్టుకుని మాట్లాడటం నాకు ఇష్టం లేదు. కానీ అర్జీదారుల పరువు ఎట్లా ఉందో చూసుకోవడం అవసరం. తమిళనాడు వైపు నుంచి వచ్చే సోనా బోట్ల సంగతి తీసుకోండి. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల పెద్ద మరబోట్లు వేటాడకూడదని 1994 చట్టం ఉంది. వాళ్ళు లోపలికి వస్తారు, మనవాళ్ళ వలలు తెగిపోతాయి. పాలెం పెద్దలు మత్స్యశాఖకు ఇస్తారు, కలెక్టరేటుకు వెళ్ళి సోమవారం అర్జీల వరసలో నిలబడి ఇస్తారు. చాలాసార్లు ఏమీ జరగదు. ఏదో ఒక రాత్రి కుర్రవాళ్ళు పడవలేసుకుని వెళ్ళి ఒక సోనా బోటును పట్టుకుని జువ్వలదిన్నె వైపో ఇసకపల్లి వైపో ఒడ్డుకు లాక్కొస్తారు. అప్పుడు పోలీసులు వస్తారు, అధికారులు వస్తారు, నాయకులు ఫోన్లు చేస్తారు, రెండు రాష్ట్రాల మధ్య చర్చలు. పాలెంలో దురాయి, అంటే ఊరి ఆన, పెట్టి కట్టుబాటు చేయగలిగిన పెద్దలు, అర్జీ రాసిన పెద్దలు, ఆ చర్చల్లో వెనక బెంచీలో కూర్చుంటారు. ముందు కూర్చునేది బోటు పట్టుకొచ్చిన కుర్రవాళ్ళు. ఎవరి పద్ధతి పనిచేసిందో పాలెంలో పసిపిల్లలకు కూడా అర్థమవుతుంది.

కరేడు గ్రామం సంగతీ అంతే. సోలార్ పరిశ్రమ కోసం ఎనిమిది వేల ఎకరాలకు పైగా తీసుకుంటామన్న ప్రతిపాదన మీద 2025 జూన్ చివర్లో అక్కడి జనం జాతీయ రహదారి మీద బైఠాయించారు. రెండు వైపులా లారీలు ఆగిపోయాక ఆ ఊరి పేరు రాష్ట్రమంతా తెలిసింది. పరిశ్రమ రావాలా వద్దా అన్నది వేరే చర్చ, నాకు దాని మీద రెండు రకాల ఆలోచనలూ ఉన్నాయి. ఆ ఊళ్ళోనూ “రోడ్డెక్కొద్దు, అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇద్దాం, గ్రామసభలో చెబుదాం, కోర్టుకు పోదాం” అనే మనిషి ఒకరుంటారు, ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఆ మనిషి ఇచ్చిన ప్రతి అభ్యంతరానికీ విడివిడిగా, సర్వే నంబరు వారీగా, ఒప్పుకున్నదీ ఒప్పుకోనిదీ కారణంతో సహా, కింద సంతకం చేసిన అధికారి పేరుతో, పనులు మొదలుపెట్టక ముందే జవాబు వెళ్ళాలి. ‘పరిశీలించడమైనది’ అన్న మాట ఆ జవాబులో ఉండకూడదు. రెవెన్యూ ఆఫీసులో ఇది చెయ్యలేని పనేమీ కాదు, నేను చేసి చూసినవాణ్ణే. ఒక సెక్షన్‌లో ఇద్దరు గుమాస్తాలు, ఒక నెల చాలు.